అమ్మ పళ్ళ కోసం మూడు ఊళ్ళు తిరిగిన వైనం

నిరుటి వేసవిలో మా అమ్మ వాకిట్లో నీళ్ళ తొట్టి అంచు మీద బోర్లా పడి, పై వరుసలో ముందరి పళ్ళు రెండు పోగొట్టుకుంది. ఒకటి అక్కడికక్కడే ఊడి చేతిలోకి వచ్చింది. రెండోది చిగురు దగ్గర విరిగి, వేరు మాత్రం లోపల మిగిలింది. ఆ వేరును మా ఊరు దేవరకొండలోనే తీయించాము. వాటి స్థానంలో కొత్త పళ్ళు పెట్టించడానికి మాత్రం మూడు ఊళ్ళు తిరగవలసి వచ్చింది, ఎనిమిది నెలలు పట్టింది.

అమ్మ పుట్టి పెరిగింది నల్గొండ జిల్లా మర్రిగూడ మండలంలోని ఒక పల్లెలో. అక్కడి బోరింగు నీళ్ళు తాగి పెరిగిన చాలామంది పళ్ళలాగే ఆమె పళ్ళ మీదా గోధుమ రంగు చారలు, వాటి మధ్య సున్నం చిలకరించినట్టు తెల్లని మచ్చలు ఉంటాయి. తాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్నది లెక్క. పళ్ళ పైపొర తయారయ్యే వయసులో, అంటే సుమారు ఎనిమిదేళ్ళ లోపు, అంతకు మించిన ఫ్లోరైడున్న నీళ్ళు తాగుతూ వస్తే పడిన మచ్చ ఇక పోదు. ఇప్పుడు నల్లాలో కృష్ణా నీళ్ళు వస్తున్నా అమ్మ నోట్లో ఉన్నవి ఆనాటి గుర్తులే. ఈ సంగతి ముందుగా చెప్పడానికి కారణం ఉంది. మేము తిరిగిన చోట్ల ఎవరి పనితనం ఎంతో చివరికి ఈ మచ్చల దగ్గరే తేలింది.

మొదట మా ఊళ్ళోనే మూడు రోజుల్లో తీసి పెట్టుకునే పళ్ళు చేయించాము. అంగిలికి ఆనే గులాబీ రంగు ప్లేటు, దానికి రెండు పళ్ళు, పక్క పళ్ళను పట్టుకోవడానికి తీగ కొక్కేలు. ఖర్చు తక్కువే, కాని ఆ రెండు పళ్ళూ సుద్దముక్కల్లా తెల్లగా ఉన్నాయి. అన్నం తింటుంటే మెతుకులు ప్లేటు కిందికి చేరేవి. బతుకమ్మ ఆడేటప్పుడు పాట మధ్యలో ప్లేటు జారితే అమ్మ కొంగు అడ్డం పెట్టుకుని ఊరుకుంది, ఆ రోజంతా మళ్ళీ పాడలేదు. అయితే దాన్ని పూర్తిగా తీసిపారేసినట్టు మాట్లాడను, ఎందుకంటే తర్వాత నెలల తరబడి ఎదురుచూడవలసి వచ్చినప్పుడు మాకు ఆసరా అయింది అదే.

బతుకమ్మకు ముందే, ఆషాఢంలో, హైదరాబాదు వెళ్ళివచ్చాము. దేవరకొండ నుంచి మాల్, ఇబ్రహీంపట్నం మీదుగా ఎంజీబీఎస్‌కు బస్సు. ఆడవాళ్ళమే కాబట్టి ఇద్దరికీ జీరో టికెట్టు, దారి ఖర్చు లేదు. ఒక పెద్ద దంత వైద్యశాలలో చల్లని హాలు, గాజు తలుపులు, కూర్చోగానే కాఫీ. మూడు కోణాల్లో దవడను చూపే సీబీసీటీ స్కాను అక్కడే తీశారు. స్కాను చూపించిన పది నిమిషాల్లోనే, పై పళ్ళన్నీ మచ్చలు పడ్డవే కాబట్టి మొత్తం తీసేసి స్క్రూల మీద వరుస మొత్తం బిగిస్తే మూడు రోజుల్లో 'కొత్త నవ్వు' వస్తుందని చెప్పారు. మూడు లక్షల అరవై వేలు, వాయిదాల్లో కట్టవచ్చునన్నారు. అమ్మ పళ్ళు మచ్చలు పడినవే గాని కదిలేవి కావు. ఆమె నా వైపు తిరిగి, "గట్టిగున్న పళ్ళెందుకు పీకుతరు బిడ్డా?" అని అడిగింది. ఆ ప్రశ్నకు అక్కడ ఎవరూ సరైన జవాబు చెప్పలేదు. స్కాను డబ్బు మేమే కట్టినా, దాని సీడీ చేతికి రావడానికి గంటసేపు కౌంటరు దగ్గర నిలబడవలసి వచ్చింది. ఆ రాత్రి గౌలిగూడలో దిగిన లాడ్జికి లిఫ్టు లేదు, నాలుగో అంతస్తు, కిటికీ కింద తెల్లవార్లూ బస్సుల హారన్లు. ఆపరేషను అయిన మనిషిని అక్కడ పడుకోబెట్టడం నా ఊహకు అందలేదు.

ఆ సీడీ పట్టుకునే మరుసటి వారం నార్కట్‌పల్లి దంత వైద్య కళాశాలకు వెళ్ళాము. కట్టుడు పళ్ళ విభాగంలో పీజీ చదువుతున్న అమ్మాయి అమ్మ నోరు ఓపికగా చూసి, ప్రతి పన్నునూ తట్టి, చిగురు లోతు కొలిచి రాసుకుంది. తర్వాత ప్రొఫెసరు వచ్చి మళ్ళీ చూశారు. మిగతా పళ్ళు తీయవలసిన పని లేదని, పోయిన రెండింటి చోట మాత్రం ఇంప్లాంట్లు, అంటే ఎముకలో బిగించి పైన పన్ను కూర్చోబెట్టే స్క్రూలు, సరిపోతాయని ఆయన చెప్పారు. పక్క పళ్ళ ఆసరాతో కట్టే బ్రిడ్జి కావాలంటే అటూ ఇటూ ఉన్న మంచి పళ్ళను అరగదీయవలసి వస్తుందనీ వివరించారు. ఖర్చు బయటికంటే బాగా తక్కువ. బోధన ఆసుపత్రిలో పని విద్యార్థి చేతి మీదుగా, మెట్టు మెట్టుకూ గురువు చూశాక సాగుతుంది కాబట్టి నిదానం ఉంటుంది, దానికి తగిన భద్రతా ఉంటుంది. మా ఇబ్బంది దూరం ఒక్కటే. దేవరకొండ నుంచి నల్గొండ, అక్కడినుంచి ఇంకో బస్సు, తిరిగి ఇల్లు చేరేసరికి రాత్రి. నార్కట్‌పల్లి చుట్టుపక్కల వాళ్ళెవరైనా నన్ను అడిగితే మరో మాట లేకుండా అక్కడికే వెళ్ళమంటాను. అమ్మకు ఆ ప్రయాణంలో దక్కిన అదనపు లాభం చెరువుగట్టు రామలింగేశ్వరుని దర్శనం.

మహబూబ్‌నగర్‌లో ఉన్న మా పిన్ని ఆ ఊరి దంత వైద్య కళాశాలలోనే పూర్తి పళ్ళ సెట్టు చేయించుకుంది. ఆమెకు అయిదు సార్లు వెళ్ళవలసి వచ్చింది: మొదటి కొలత, ఆ దవడకు ప్రత్యేకంగా చేసిన ట్రేతో రెండో కొలత, మైనపు దిమ్మలతో పై కింది దవడల పొందిక, మైనంలో పళ్ళు అమర్చి చూసుకోవడం, చివరికి సెట్టు ఇవ్వడం. ఇల్లు దగ్గరే కాబట్టి ఆమెకు అది భారం కాలేదు. మాకు డిండి, కల్వకుర్తి దాటి అంత దూరం వెళ్ళడం కుదిరే పని కాదు.

చివరికి నల్గొండలో, కృత్రిమ దంతాల్లో ఎండీఎస్ (దంత వైద్యంలో పీజీ) చేసిన ఒక వైద్యుని సొంత క్లినిక్కును ఎంచుకున్నాము. చిన్న మేడ, నాలుగు కుర్చీలు. ఆయన మొదట అడిగింది డబ్బు గురించి కాదు, షుగరు గురించి. అమ్మ మూడు నెలల సగటు షుగరు (హెచ్‌బీఏ1సీ) 8.6 శాతం ఉంటే, అది తగ్గేదాకా చెయ్యి పెట్టనని పంపించేశారు. షుగరు అదుపులో లేకపోతే పుండు మానడం ఆలస్యమై, ఎముక స్క్రూను పట్టుకోదట. ఒంటిపూట జొన్న రొట్టెతో, వేళ తప్పని మాత్రలతో దసరా నాటికి అది 7.1కి దిగింది.

పండుగ వెళ్ళిన వారం ఇంప్లాంట్లు వేశారు. మత్తు సూది తర్వాత చిగురు తెరిచి, ఎముకలో సన్నని బిట్టుతో మొదలుపెట్టి క్రమంగా లావు బిట్టులతో రంధ్రం వేస్తుంటే, పక్కన నర్సు చల్లని సెలైను ధారగా పోస్తూనే ఉంది. ఎముక 47 డిగ్రీల వేడికి ఒక్క నిమిషం గురైనా దెబ్బతింటుందని, అందుకే మెల్లగా, నీళ్ళు పోస్తూ పోవాలని డాక్టరు నాకు చెప్పారు. తిప్పుడు పానాతో స్క్రూ బిగించేటప్పుడు టిక్కు టిక్కుమని శబ్దం వచ్చింది. అంతా అయ్యాక అమ్మ వాచిన పెదవితోనే, "బోరింగు నీళ్ళు పళ్ళను ఖరాబు చేసె, ఇప్పుడు నోట్లనే బోరేసిండ్రు సారూ" అంది. ఆయన నవ్వి, ఈ బోరులో నీళ్ళు పడవు పెద్దమ్మా, ఎముకే పడుతుందన్నారు. తుప్పు పడుతుందా అని ఆమె అడిగితే, అది టైటానియమని, ఎముక దానికి అతుక్కుపోతుందని, స్వీడన్‌లో బ్రానెమార్క్ అనే వైద్యుడు 1965లోనే మనిషి దవడలో వేసి చూపించాడని చెప్పారు.

ఆ రాత్రి బస్టాండుకు దగ్గరలో 800 రూపాయల గదిలో ఉన్నాము. గది మామూలుదే, దుప్పట్లు పాతవి, కాని కింది అంతస్తు. లాడ్జి పక్క మెస్సామె అడగకుండానే కారం లేని పెరుగన్నం మెత్తగా పిసికి ఇచ్చింది. ఎదుటి సోడా దుకాణం అబ్బాయి చెంపకు పెట్టుకోవడానికి ఐసు ముక్కలు కవరులో కట్టి ఇచ్చి, డబ్బు తీసుకోలేదు. ఇలాంటి పనికి వచ్చేవాళ్ళు గదిలో టీవీ, ఏసీ ఉన్నాయా అని కాక, మెట్లెన్ని, మెత్తటి తిండి ఎక్కడ దొరుకుతుంది, రాత్రి రక్తం ఆగకపోతే డాక్టరు ఎంత దూరంలో ఉంటాడు అని చూసుకోవాలి.

పై దవడ కాబట్టి ఎముక అతుక్కోవడానికి నాలుగు నెలలు ఆగాలన్నారు. సంక్రాంతికి అమ్మ సకినాలు చేసింది గాని, తాను మాత్రం చాయలో నానబెట్టుకుని తిన్నది. ఫిబ్రవరిలో కొలతలు తీసి, స్క్రూల మీద తొడిగే జిర్కోనియా (పింగాణీ లాంటి గట్టి పదార్థం) క్యాపులు హైదరాబాదు ల్యాబులో చేయించారు. పొడవు, వరుస, చిగురు దగ్గర అంచు అన్నీ సరిగ్గా కుదిరాయి, రంగు తప్ప. ఫోటో చూసి చేసిన ఆ రెండు పళ్ళు మచ్చల పళ్ళ మధ్య పెళ్ళివారి సున్నపు గోడలా మెరిశాయి. మేము ఏమీ అనకముందే డాక్టరు వాటిని పక్కన పెట్టి, రెండు వీధుల అవతల పింగాణీ కొలిమి పెట్టుకున్న టెక్నీషియన్‌ను పిలిపించారు.

ఆ అబ్బాయి అమ్మను దీపం కింద కాక కిటికీ దగ్గర, పగటి వెలుతురులో కూర్చోబెట్టాడు. నోరు తెరిచి ఉంచితే పళ్ళు ఆరిపోయి, అసలు రంగు కంటే తెల్లగా కనిపిస్తాయి కాబట్టి, మాటిమాటికీ నాలుకతో తడుపుకోమన్నాడు. రంగుల పళ్ళ కట్టను ఒక్కొక్కటిగా పన్ను పక్కన పెట్టి చూసి, ఏదీ అచ్చంగా కలవదని తేల్చుకుని, కాగితం మీద పక్క పన్ను బొమ్మ పెద్దదిగా గీశాడు. అందులో గోధుమ చార ఎక్కడ మొదలై ఎక్కడ పలచబడుతుందో, తెల్ల చుక్కలు ఎన్నో, అంచు దగ్గర బూడిద ఛాయ ఎంతో పెన్సిలుతో గుర్తు పెట్టుకున్నాడు. కావాలంటే మచ్చ లేకుండా చేస్తానని కూడా అడిగాడు. అమ్మ తల అడ్డంగా ఊపి, "నా పళ్ళ తీరుగనే ఉండాలె కొడుకా, మందిల నవ్వితే పెట్టుడు పళ్ళని తెల్వొద్దు" అంది. నాలుగు రోజుల తర్వాత వచ్చిన పళ్ళలో ఏది తనదో ఏది చేసినదో తెలుసుకోవడానికి నేను దగ్గరికి వెళ్ళి చూడవలసి వచ్చింది.

రెండు పళ్ళకూ కలిపి అరవై నాలుగు వేలయింది. తక్కువేమీ కాదు. కాని బిల్లుతో పాటు ఇంప్లాంటు డబ్బా మీది స్టిక్కర్లు రెండు ఒక కార్డు మీద అంటించి ఇచ్చారు: తయారీ సంస్థ, లావు, పొడవు, బ్యాచి సంఖ్య. మా వీధిలో ఒకాయన నగరంలో స్క్రూ పన్ను పెట్టించుకుని వచ్చాడు. రెండేళ్ళకు అది వదులైతే, అది ఏ కంపెనీదో తెలియక, దానికి పట్టే పానా దొరక్క, మూడు క్లినిక్కులు తిరిగాడు. ఏ ఊళ్ళో చేయించుకున్నా ఆ కార్డు అడిగి తీసుకోండి, ఎక్స్‌రేలతో కలిపి దాచుకోండి.

ఒక్క లోటు చెప్పాలంటే, నల్గొండ క్లినిక్కులో చెప్పిన వేళకు లోపలికి పిలవరు, రెండుసార్లు మధ్యాహ్నం దాటింది. ఆరు నెలలకొకసారి చిగురు శుభ్రం చేయించుకోవాలి, రోజూ సన్నని బ్రష్షుతో ఇంప్లాంటు చుట్టూ తోముకోవాలి. కింది దవడలో ఏనాడో పోయిన కుడివైపు దంతానికి కూడా వచ్చే నెల కొలత తీస్తామన్నారు. అమ్మ ఏడు గంటల బస్సుకే వెళ్దామని అప్పుడే చెప్పేసింది, ఆలస్యమైతే కిటికీ దగ్గర సీటు దొరకదట.