నడుము 70, 82, 98: మధ్యస్థాయి స్కీయర్‌కి ఏ స్కీ మేలు?

స్నోప్లౌ, అంటే స్కీల ముక్కులు దగ్గరగా, తోకలు దూరంగా పెట్టి వేగం తగ్గించే తొలి పద్ధతి, వదిలేశారు. ఓ మోస్తరు వాలు మీద రెండు స్కీలూ సమాంతరంగా ఉంచి తిప్పే పారలెల్ టర్న్‌లు బాగానే వస్తున్నాయి. నిటారుగా ఉన్నచోట మాత్రం స్కీ తోక జారిపోతోంది, వేగం పెరిగితే అద్దె స్కీలు వణుకుతున్నాయి. సొంత స్కీలు కొందామన్న ఆలోచన చాలామందికి ఈ దశలోనే వస్తుంది. షాపులో చూస్తే గోడ నిండా స్కీలు, సగానికి పైగా వాటి మీద ‘ఆల్ మౌంటెన్’, అంటే కొండ మీద అన్ని రకాల మంచుకీ పనికొచ్చేది, అన్న మాటే. అసలు తేడా ఒక చిన్న అంకెలో ఉంటుంది. బూటు కింద స్కీ ఎంత వెడల్పు ఉందో చెప్పే అంకె అది, అంటే స్కీ నడుము. చాలా మోడళ్ళ పేర్లలోనే ఇది కనిపిస్తుంది. రాసిన్యోల్ ఎక్స్‌పీరియెన్స్ 82, బ్లిజర్డ్ బ్రహ్మ 88, నార్డికా ఎన్‌ఫోర్సర్ 94 అన్నప్పుడు ఆ చివరి అంకె నడుము మిల్లీమీటర్లలో.

మధ్యస్థాయి వాళ్ళ ముందు ప్రధానంగా మూడు దారులున్నాయి. 70 ప్రాంతంలో ఉండే కార్వింగ్ స్కీ (జారకుండా అంచు మీదే మంచుని కోసుకుంటూ తిరగడానికి చేసినది), 76 నుంచి 86 దాకా ఉండే సన్న ఆల్ మౌంటెన్, 95 నుంచి 100 దాకా ఉండే వెడల్పు ఆల్ మౌంటెన్. ఎక్కువ రోజులు గ్రూమింగ్ చేసిన, అంటే యంత్రంతో మంచుని చదును చేసిన, రన్‌ల మీదే గడిపేవాళ్ళకి మధ్యదే మేలని నా అభిప్రాయం. అందులోనూ 80కి కాస్త అటూ ఇటూ. ఎందుకో వివరంగా చెప్తాను, ఎందుకంటే షాపులో చాలామంది చేయి వెళ్ళేది మూడోదాని మీదికి.

వెడల్పు స్కీ చూడగానే నచ్చుతుంది. నిలబడితే స్థిరంగా అనిపిస్తుంది, ఏ మంచులోకైనా వెళ్ళొచ్చన్న ధైర్యం ఇస్తుంది. గట్టి మంచు మీద టర్న్ తిప్పేటప్పుడు ఏం జరుగుతుందో చూడండి. స్కీని పక్కకి వంచినప్పుడు మన బరువంతా ఒక అంచు మీద పడుతుంది. ఆ అంచు బూటు మధ్యగీత నుంచి ఎంత దూరంలో ఉంటే, స్కీని వంచి పట్టి ఉంచడానికి చీలమండ, మోకాలు అంత ఎక్కువ కష్టపడాలి. 78 నడుముకి ఆ దూరం 39 మిల్లీమీటర్లు, 98కి 49. ఒక్క సెంటీమీటరే కదా అనిపిస్తుంది, కానీ ఆ సెంటీమీటర్ ప్రతి టర్న్‌లోనూ ఉంటుంది, రోజంతా ఉంటుంది. పెద్దవాళ్ళ మామూలు ఆల్పైన్ బూటు అడుగు ముందు భాగం వెడల్పు దాదాపు 69 మిల్లీమీటర్లు. నడుము దానికి దగ్గరగా ఉంటే అంచు పాదం కిందే ఉన్నట్టు తెలుస్తుంది. వెడల్పు పెరిగేకొద్దీ అంచు పాదం బయటికి జరుగుతుంది, అది మంచుని ఎప్పుడు పట్టిందో ఎప్పుడు వదిలిందో కాలికి ఆలస్యంగా తెలుస్తుంది.

మధ్యస్థాయి నుంచి పైకి వెళ్ళాలనుకునేవాళ్ళు నేర్చుకోవాల్సిందల్లా దాదాపు అంచు గురించే. టర్న్ మొదట్లోనే కొత్త అంచు మీదికి ఎలా వెళ్ళాలి, దాని మీద బరువు ఎలా పెంచాలి, చివర్లో ఎలా వదలాలి అన్నది. సన్న స్కీ మీద ఇవన్నీ వెంటనే తెలుస్తాయి. వెడల్పు స్కీ మీద స్కీని తోసి, జార్చి టర్న్ ముగించడం సులువు కాబట్టి, జార్చే అలవాటు అలాగే ఉండిపోతుంది. స్కీ బాగుంటుంది, స్కీయింగ్ మాత్రం ఎదగదు. నాకు దీని గురించే నిజంగా బాధ.

అలాగైతే అన్నిటికన్నా సన్నటి కార్వింగ్ స్కీనే తీసుకోవచ్చుగా? తీసుకోవచ్చు, రోజంతా గట్టి నున్నటి మంచు మీదే ఉండేవాళ్ళయితే. దాని రేడియస్ సాధారణంగా 12 నుంచి 15 మీటర్ల మధ్య ఉంటుంది. ఆ అంకె స్కీ పక్క వంపుది. దాదాపు ఆ వ్యాసార్ధం ఉన్న వలయంలో స్కీ తిరగాలనుకుంటుంది, ఎక్కువ వంచితే వలయం ఇంకా చిన్నదవుతుంది. 60 డిగ్రీలు వంచగలిగితే లెక్క ప్రకారం సగానికి వస్తుంది. కాబట్టి చిన్న టర్న్‌లకి కార్వింగ్ స్కీ అద్భుతంగా ఉంటుంది. చిక్కు మధ్యాహ్నం తర్వాత. అందరి స్కీలూ తిరిగి మంచు కుప్పలు పడ్డాక సన్న ముక్కు వాటిలోకి దూరుతుంది, టర్న్ అనుకోకుండా బిగుసుకుంటుంది. ఉదయం ఆనందం ఇచ్చిన స్కీయే మధ్యాహ్నం టెన్షన్ పెడుతుంది. 80 దగ్గరి స్కీ ముక్కు కాస్త వెడల్పు, రేడియస్ 14 నుంచి 17 దాకా, ముందు భాగంలో కొంచెం రాకర్, అంటే మంచు మీంచి పైకి లేచే వంపు. ఉదయం అంచు పట్టు దాదాపు అంతే ఇస్తుంది, కుప్పల్ని తొక్కుకుంటూ పోతుంది, కాళ్ళని అలిసిపోనివ్వదు.

పోటీల కోసం చేసిన స్కీలు తక్కువ ధరకి పాతవి దొరుకుతుంటాయి, వాటి జోలికి వెళ్ళకండి. అంతర్జాతీయ పోటీల్లో పురుషుల జెయింట్ స్లాలమ్ స్కీకి కనీస రేడియస్ 30 మీటర్లు. అది వంగాలంటే మన దగ్గర లేని వేగం కావాలి.

మరి 98 నడుము ఎవరికి? మీరుండే కొండల్లో తరచూ కొత్త మంచు పడుతుంటే, రన్ పక్కనున్న మెత్తటి మంచులోకీ చెట్ల మధ్యకీ వెళ్ళడమే మీ సరదా అయితే, అది న్యాయమైన ఎంపిక. మెత్తటి మంచులో వెడల్పు మునగకుండా కాపాడుతుంది, 78 అక్కడ మోకాళ్ళ దాకా దిగబడుతుంది. ఏడాదిలో అలాంటివి రెండు మూడు రోజులే వస్తాయనుకుంటే ఆ రోజులకి వెడల్పు స్కీ అద్దెకి తీసుకోండి. మిగతా రోజులన్నీ దానికోసం బరువు మోయాల్సిన పని లేదు. రెంటికీ మధ్య 86–90 ఉంది. రన్ మీదా పక్కనా సగం సగం తిరిగేవాళ్ళు అక్కడ ఆగితే సరిపోతుంది.

నడుము తేల్చుకున్నాక రెండో ప్రశ్న లోహం. బ్రహ్మ 88, ఫోల్కల్ కెండో 88, ఎన్‌ఫోర్సర్ లాంటివాటిలో స్కీ లోపలి చెక్కకి తోడు టైటనల్ అనే అల్యూమినియం మిశ్రమలోహపు పలకలు ఉంటాయి. అవి వణుకుని మింగేస్తాయి, స్కీ మెలిపడకుండా గట్టిగా ఉంచుతాయి. వేగంగా, బరువుగా స్కీ చేసేవాళ్ళకి వరమే. కానీ ఆ గట్టిదనాన్ని వంచడానికి బలమో వేగమో ఉండాలి. సన్నగా, తేలిగ్గా ఉండేవాళ్ళు, నెమ్మదిగా నేర్చుకునేవాళ్ళు లోహం లేనిదో తక్కువున్నదో తీసుకోవడం మంచిది. ఎలాన్ రిప్‌స్టిక్ లాంటివి చెక్కతో పాటు కార్బన్ వాడతాయి. మీరు 85 కిలోలుండి వాలు మీద వెనకాడని మనిషైతే మాత్రం లోహం లేని స్కీ ఆరు నెలల్లో చప్పగా అనిపిస్తుంది.

పొడవు గురించి పాత సలహాలు ఇంకా వినిపిస్తుంటాయి, చేయెత్తితే అందేంత ఉండాలని. అవి పక్కలు దాదాపు తిన్నగా ఉండే పాత స్కీల కాలంనాటివి. 1993లో ఎలాన్ ఎస్‌సీఎక్స్ రావడంతో పక్క వంపు ఎక్కువున్న స్కీలు మొదలయ్యాయి, ఆ దశాబ్దం చివరికి 2 మీటర్ల స్కీల రోజులు ముగిశాయి. ఇప్పుడు 80 నడుము ఆల్ మౌంటెన్‌కి నిలబెడితే మీ ముక్కుకీ నుదుటికీ మధ్య దాకా వచ్చే పొడవు చాలు. బరువు ఎక్కువైనా రాకర్ ఎక్కువైనా నుదుటి వైపు వెళ్ళండి. రాకర్ ఎక్కువున్న స్కీలో ముక్కు, తోక మంచుని తాకవు కాబట్టి గట్టి మంచు మీద పనిచేసే అంచు తగ్గిపోతుంది. భయంతో మరీ పొట్టిది తీసుకుంటే వేగం అందుకోగానే పాత వణుకే మళ్ళీ మొదలవుతుంది. ఒకే మోడల్లో పొడవు మారితే రేడియస్ కూడా మారుతుంది, మీరు కొనే పొడవుకే ఆ అంకె చూడండి.

బూట్లు వదులుగా ఉంటే పైన చెప్పిన తేడాలేవీ మీకు తెలియవు. మడమ లేస్తున్న బూటుతో ఏ స్కీ అంచూ పట్టదు. బడ్జెట్ ఒక్కదానికే ఉంటే ముందు పాదానికి సరిగ్గా పట్టే బూటు కొని, స్కీలు ఇంకో సీజన్ అద్దెకి తీసుకోమనే చెప్తాను.

కొనేముందు వీలైతే డెమో స్కీలు తొక్కి చూడండి. ఒకే రోజు, ఒకే రన్ మీద, మీ బూట్లతోనే. ఉదయం ఒకసారి, మంచు చెదిరిపోయాక మరోసారి. స్కీ నచ్చకపోతే ముందు దాని అంచులు పదునుగా ఉన్నాయో లేదో అడగండి, మొద్దుబారిన అంచులు మంచి స్కీని కూడా చెడగొడతాయి. అద్దె స్కీల జారుడుకి చాలాసార్లు కారణం ఇదే.

బూటుని స్కీకి పట్టి ఉంచే బైండింగ్ విడిగా కొంటే, స్కీ ఊడినప్పుడు దాన్ని ఆపే బ్రేకు వెడల్పు నడుము కంటే కాస్త ఎక్కువ ఉండాలి, ఆ తేడా 15 మిల్లీమీటర్లు మించకూడదు. మీ బూటు అడుగు గ్రిప్‌వాక్ (నడవడానికి వీలుగా వంపు ఉన్న రకం) అయితే బైండింగ్ దాన్ని ఒప్పుకునేదై ఉండాలి. పడ్డప్పుడు బూటు ఎంత బలానికి విడిపోవాలో చెప్పే డిన్ అంకె సొంతంగా తిప్పుకోవద్దు. బరువు, ఎత్తు, వయసు, బూటు అడుగు పొడవు, స్కీ చేసే తీరు చూసి సాంకేతిక నిపుణుడే పెట్టాలి. ఆ ఫారంలో ‘మీరు ఎలాంటి స్కీయర్’ అన్న గడిలో ఉన్నదున్నట్టు నింపండి. గొప్పకి పోయి ఎక్కువ రాస్తే, పడ్డప్పుడు స్కీ విడిపోవాల్సిన చోట విడిపోదు.