పెట్టె కనపడితే ఫోకస్ వచ్చినట్టు కాదు

ఈ మిర్రర్‌లెస్ కెమెరా కొని రెండున్నరేళ్లు దాటింది. ఏపీఎస్-సి బాడీ (ఫుల్‌ఫ్రేమ్ కన్నా చిన్న సెన్సర్), దూరాన్ని దగ్గరగా చూపే 100-400 మి.మీ. లెన్స్. తిండి పెట్టేది పెళ్లిళ్లు, సరదా మాత్రం ఎద్దులూ పక్షులూ. కొన్న కొత్తలో సబ్జెక్ట్ డిటెక్షన్ (మనిషినో జంతువునో కెమెరానే గుర్తుపట్టి, మొహం మీదో కంటి మీదో చిన్న పెట్టె గీసి ఫోకస్ అక్కడ పెట్టడం) చూసి ఇక ఫోకస్ గురించి ఆలోచించే పనే లేదనుకున్నా.

ఆ సంక్రాంతికి ఒంగోలు దగ్గర ఒక ఊళ్లో బండలాగుడు పోటీలకు వెళ్లా. నాలుగు పళ్ల విభాగం (పళ్లని బట్టే గిత్తల వయసు లెక్క), తెల్ల గిత్తల జత దుమ్ము లేపుకుంటూ నాకు ఎదురుగా వస్తోంది. ఫోకస్ ఏరియా ఫ్రేమ్ మొత్తానికి, డిటెక్షన్ ఆటోలో, అంటే దేన్ని పట్టుకోవాలో కెమెరా ఇష్టం. వ్యూఫైండర్లో పెట్టె ఎక్కడో ఒకచోట కనపడుతూనే ఉంది కదా అని బటన్ మీంచి వేలు తీయలేదు. ఇంటికొచ్చి కంప్యూటర్లో చూస్తే దాదాపు అన్నిట్లోనూ షార్ప్‌గా ఉంది వెనక చెర్నాకోల పట్టుకుని పరిగెడుతున్న ఆయన మొహం. ఆ జత ఆయనదే. చూపిస్తే "ఏందబ్బాయ్, గిత్తల్ని తీయమంటే నా మొహం తీసుకొచ్చావే" అన్నాడు.

ఆటోలో పెడితే మనిషి మొహం దొరగ్గానే నా కెమెరా అటే పోతుంది. అందుకని ఇప్పుడు జంతువుల మోడ్ ఒక్కటే పెడతా. అది కూడా ప్రధానంగా కుక్కలకీ పిల్లులకీ పక్షులకీ అని చెప్పిందే. మెనూలో రైలుంది, విమానం ఉంది, ఎద్దు మాత్రం లేదు! అయినా గిత్త తల పక్కకి తిప్పితే కన్ను బాగానే పడుతుంది, తెల్ల మొహం మీద కంటి చుట్టూ నలుపు కాబట్టి. తల దించి బలం పెట్టి లాగేటప్పుడే కష్టం, కొమ్ములూ కాడీ అడ్డం వచ్చి పెట్టె మూపురం మీదకి జారుతుంది, 400 దగ్గర ఆ రెండు మూడు అడుగుల తేడా చాలు ఫోటో పాడవడానికి. పైగా రెండు గిత్తలు, పెట్టె ఒకదాని మీంచి ఇంకోదాని మీదకి గెంతుతుంది. నేను చేసేది ఏంటంటే, చిన్న జోన్ (ఫ్రేమ్‌లో కెమెరా ఫోకస్ వెతికే చోటు) పెట్టి మొదటి నుంచీ ఒక్క గిత్త తల మీదే ఉంచుతా, ట్రాకింగ్ సెన్సిటివిటీ తగ్గిస్తా, అప్పుడు మధ్యలో ఎవరైనా అడ్డంగా పరిగెత్తినా వెంటనే వదిలేయదు. షటర్ స్పీడు 1/1600కి తగ్గనివ్వను. నేను ఫోకస్ తప్పిందని తిట్టుకున్న వాటిలో సగం నిజానికి కదలిక వల్ల అలికినవే.

నేలపట్టు పక్షుల కేంద్రంలో ఇంకో పాఠం. (2022లో తిరుపతి జిల్లాలో కలిసింది గానీ నా నోటికి ఇంకా నెల్లూరు జిల్లానే.) నీళ్లలో నిలబడ్డ చెట్ల మీద గూడబాతులు, ముందు సన్నటి రెమ్మలు. పెట్టె సరిగ్గా కంటి మీద పచ్చగా వెలిగింది, ఫోటోలో షార్ప్‌గా ఉన్నది రెమ్మ. డిటెక్షన్ చెప్పేది కన్ను ఎక్కడుందో అంతే, దూరం కొలిచేది ఆ చోట ఉన్న ఫేజ్ డిటెక్ట్ పిక్సెల్స్, అక్కడ రెమ్మ అంచు గట్టిగా కనపడితే అవి దాన్నే పట్టుకుంటాయి. అందుకే వెనక రెండు బటన్లు పెట్టుకున్నా, ఒకదానికి డిటెక్షన్‌తో ట్రాకింగ్, రెండోదానికి డిటెక్షన్ లేని సింగిల్ పాయింట్, అంటే నేను పెట్టిన చిన్న చోట మాత్రమే ఫోకస్. రెమ్మల సందులో ఆ పాయింట్ పెట్టి నొక్కితే పని అవుతుంది. అప్పటికీ మొండికేస్తే లెన్స్ రింగ్ చేత్తో తిప్పి రెమ్మ దాటించి మళ్లీ నొక్కుతా. ఈ రెండు బటన్ల పద్ధతి ముందే తెలిసుంటే మొదటి ఏడాది ఫోటోలు చాలా దక్కేవి.

నీటికాకి లాంటి నల్ల పక్షి తెల్లటి ఆకాశం మీద ఉంటే అసలు పెట్టే రాదు. ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ (అంటే వెలుతురు రెట్టింపు) పెంచి చూడండి, కన్ను కెమెరాకి కనపడాలి కదా ముందు. ఎండెక్కాక పులికాట్ సరస్సులో అటకానితిప్ప దగ్గర రాజహంసల (ఫ్లెమింగోల) మీద మాత్రం ఏ సెట్టింగూ పనిచేయదు, వేడిగాలికి బొమ్మే వణుకుతుంది, కెమెరా సర్దేసి టీ తాగడమే.

పెళ్లిళ్లలో అయితే డబ్బులకి న్యాయం చేసింది. తలంబ్రాలు మొహం మీద పోస్తున్నా కన్ను వదలదు. మండపం మీద బంధువులు గుమిగూడితే పక్కనున్న అత్తయ్య మీదకి పోతుంది కాబట్టి పెళ్లికూతురి మొహం రిజిస్టర్ చేసి పెట్టుకుంటా, అదీ మేకప్ అయ్యాకే, ముందు చేసినప్పుడు ఒకసారి గుర్తుపట్టలేదు.

బ్యాటరీ మాత్రం తాగేస్తుంది. ముహూర్తం తెల్లవారుజామున ఉంటే మూడు తీసుకెళ్తున్నా.