రాగి పెంకుల్ని అడుగుల లెక్కన కొనకండి, మాకు ఏం జరిగిందో చూడండి

ఒడిశాలో పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం వైపు ఇల్లు కట్టుకుంటున్న మనవాళ్ళు, పాత పెంకుటింటి ముందుభాగం మార్పించుకుంటున్నవాళ్ళు ఎవరైనా ఉంటే ఇది కాస్త ఓపిగ్గా చదవండి. ఈమధ్య ఇంటి ముందు ఏటవాలు కప్పు మీద రాగి షింగిల్స్, అంటే పెంకుల్లా వరసగా పేర్చే రేకు ముక్కలు, వేయించడం ఫ్యాషన్ అయింది కదా, మేమూ వేయించాం. రాగి అని చెప్పి మాకు అంటగట్టింది రాగి కాదు. లక్షన్నర పోయింది, ఆ పైన కూలి. కొట్టు పేరు ఇక్కడ రాయను, కేసు నడుస్తోంది. అయినా అలాంటి కొట్టు ఒక్కటే ఉండదు, మోసం ఎలా జరిగిందో తెలిస్తే ఎక్కడైనా పట్టేస్తారు.

మాది మావయ్యగారి నాన్నగారి నాటి పెంకుటిల్లు. వెనక భాగం ఎప్పుడో స్లాబు వేశారు, ముందు వసారా మాత్రం రెండు వాలుల పెంకులతోనే ఉండేది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు ఆ పెంకుల్లో సగం ఎగిరి వీధిలో పడ్డాయి, మిగిలిన సగాన్ని కోతులు పూర్తి చేశాయి. అప్పట్నుంచి జీఐ రేకులతో, అంటే జింకు పూత ఉన్న ఇనుప రేకులతో, నెట్టుకొచ్చాం. వాన పడితే వసారాలో పక్కనున్న మనిషి మాట వినపడదు. మా మరిది పెళ్ళి కుదిరాక, నలుగురూ వచ్చే ఇల్లు, ఇప్పుడైనా బాగుచేయిద్దాం అన్నారు మావయ్యగారు. రాగి అన్న మాట కూడా ఆయనదే. ఎక్కడో ఫోటో చూశారు.

ఏరు దాటితే పాతపట్నం, అక్కణ్ణుంచి ఇంకా కిందికి ఆంధ్ర వైపు ఒక పెద్ద ఊళ్ళో షోరూం ఉందంటే మా ఆయన, మావయ్యగారు, నేను కారు కట్టించుకుని వెళ్ళాం. ఏసీ గది, గోడ నిండా శాంపిల్స్, కూర్చోగానే కూల్ డ్రింకులు. సేల్స్ కుర్రాడు ఒక రాగి ముక్క మా చేతికిచ్చాడు. బరువుగా ఉంది, గోటితో గీకినా లోపలంతా ఎర్రగానే ఉంది. కేరళ గుళ్ళల్లో గర్భగుడి కప్పుకి రాగిరేకు ఉంటుంది చూశారా మేడమ్, ఇదీ అదే సరుకు, ఇరవై ఏళ్ళయినా ఇలాగే తళతళలాడుతుంది, నల్లబడదు అన్నాడు.

అసలు అక్కడే లేచి వచ్చేయాల్సింది. రాగి చెంబు నాలుగు రోజులు తోమకపోతే ఎలా అవుతుందో రోజూ చూసేదాన్ని, ఇరవై ఏళ్ళు నల్లబడని రాగి అంటే తల ఊపి కూర్చున్నాను! నిజమైన రాగి కప్పు కొత్తలోనే ఎర్రగా మెరుస్తుంది, కొన్ని నెలల్లో గోధుమరంగుకి తిరుగుతుంది, ఆ తర్వాత ముదురు రంగు, ఏళ్ళు గడిచాక ఆకుపచ్చ చిలుము. సముద్రపు గాలి తగిలే చోట ఆ చిలుము త్వరగా వస్తుంది, మనలాంటి లోపలి ఊళ్ళల్లో చాలా ఏళ్ళు పడుతుంది. అమెరికాలో లిబర్టీ విగ్రహం 1886లో నిలబెట్టినప్పుడు రాగి రంగులోనే ఉండేదట, ఇప్పుడు పచ్చగా కనిపించేదంతా చిలుమే. రంగు మారనిది రాగి కాదు, లేకపోతే దాని మీద వార్నిష్ ఉంది. ఆ వార్నిష్ కూడా మన ఎండకి ఇరవై ఏళ్ళు నిలవదు.

సరే, ధర. రెండు వాలులూ కలిసే కొప్పు మీద వేసే ముక్క, రిడ్జ్ అంటారు, అది కిలోల లెక్కన ఇచ్చాడు. 22 అడుగుల పొడవు, అడుగు వెడల్పు, 11 కిలోలు. కింద రెండు వాలుల మీదికి షింగిల్స్ మాత్రం చదరపు అడుగు 340 రూపాయలు, మొత్తం 440 అడుగులు, అంటే 1,49,600. ఒకటి కిలోల్లో ఎందుకిచ్చాడు, ఇంకోటి అడుగుల్లో ఎందుకిచ్చాడు అని మా ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు. బిల్లు లేకుండా అయితే 18 శాతం జీఎస్టీ మిగులుతుందన్నాడు, మావయ్యగారు ససేమిరా అన్నారు. ఆయన ఆ రోజు ఆ ఒక్క మాట గట్టిగా పట్టుకోబట్టి ఇవాళ మా చేతిలో ఏదో ఒక కాగితం ఉంది.

జనవరిలో బిగించారు. పెళ్ళికి వచ్చినవాళ్ళంతా వీధిలో నిలబడి చూసేవాళ్ళు, ఫోటోలు కూడా తీసుకున్నారు. జూన్‌లో వానలు మొదలయ్యాయి. ఆగస్టు వచ్చేసరికి కొప్పు కింద రెండు వరసల్లో కుంకుమ నీళ్ళు కారినట్టు చారలు. మొదట ఆకుల మరక అనుకున్నాం. తర్వాత మేకులు కొట్టిన చోట, అంచులు కోసిన చోట బుడిపెలు లేచాయి. కొట్టుకి ఫోన్ చేస్తే, రాగి అలాగే రంగు మారుతుంది మేడమ్, అదే దాని అందం అన్నాడు, ఇరవై ఏళ్ళు మెరుస్తుందన్న అదే కుర్రాడు.

మా అత్తయ్య మాత్రం ఒప్పుకోలేదు. మిగిలిన షింగిల్ ఒకటి పెరట్లో పడి ఉంటే తెచ్చి, నానబెట్టిన చింతపండులో కాస్త ఉప్పు కలిపి తోమారు. బిందె అయితే రెండు రుద్దులకి నిగనిగలాడుతుంది కదా, ఇది ఎంత రుద్దినా వెలిసిన రంగు వెలిసినట్టే ఉంది. తోమగా తోమగా మూల కోసిన అంచు దగ్గర రంగు పొరలా లేచింది, దాని కింద తెల్లగా, ఆ తెలుపు కింద నల్లటి ఇనుము. "ఇదేటమ్మా, దీనికి ముసుగేసినారు" అని చేతిలో పెట్టారు. పిల్లాడు వాళ్ళ స్కూలు కిట్‌లోని అయస్కాంతం తెచ్చి ఆనిస్తే టక్కున అంటుకుపోయింది.

ఇంకా అనుమానంతో బుడితి నుంచి తెలిసిన పెద్దాయన్ని పిలిపించారు మావయ్యగారు. సరవకోట దగ్గర బుడితి, కంచు, ఇత్తడి సామాన్లకి పేరున్న ఊరు, మీకు తెలిసే ఉంటుంది. ఆయన ఆకురాయి కూడా తియ్యలేదు. షింగిల్‌ని అరచేతిలో పెట్టుకుని రెండుసార్లు ఎగరేసి, "రాగైతే ఇంత తేలిగ్గుంటాదేటి బాబూ, తూకం ఏయించకుండా ఎలా కొన్నారు?" అన్నాడు. మావయ్యగారికి జవాబు దొరకలేదు. నిజమే, పాత్రల కొట్లో రెండు కిలోల బిందె కొనాలన్నా తక్కెట్లో పెట్టించి, ముల్లు చూసి, పది రూపాయల దగ్గర బేరమాడతాం. లక్షన్నర సరుకు మాత్రం అడుగులు లెక్కపెట్టి తెచ్చుకున్నాం.

ఆ రాత్రి కూర్చుని నేనే లెక్క వేశాను, ఇది మీరు తప్పకుండా రాసిపెట్టుకోండి. రాగి సాంద్రత ఇంచుమించు 9, అంటే నీటికి తొమ్మిది రెట్ల బరువు. ఇంటి కప్పుకి మామూలుగా వాడే 0.6 మిల్లీమీటర్ల రేకైతే చదరపు అడుగు అరకిలో తూగాలి. అదే 0.4 మిల్లీమీటర్ల ఇనుప రేకైతే 290 గ్రాములు, 0.6 అల్యూమినియం అయితే 150 గ్రాములు. అయస్కాంతం అల్యూమినియాన్ని పట్టదు కాబట్టి అయస్కాంతం అంటుకోలేదని సంబరపడకండి, తూకం ఒక్కటే అబద్ధం చెప్పదు. కొందరు మందం మిల్లీమీటర్లలో కాకుండా 16 ఔన్స్ అని చెబుతారు, కంగారుపడనక్కర్లేదు, చదరపు అడుగు రేకు 16 ఔన్సులు, అంటే 454 గ్రాములు తూగుతుందని అర్థం, మందం 0.55 మిల్లీమీటర్లు అన్నమాట. ఇంకో సంగతి, అడుగుకి అరకిలో అంటే ఆ అరకిలో రాగి ఖరీదే అడుగు ధరలో కనీస భాగం. ఆ రోజుల్లో కిలో రాగి వెయ్యి రూపాయలకి అటూ ఇటూ ఉంది, అంటే లోహానికే అయిదొందలు. తయారీ, రవాణా, లాభం, పన్ను అన్నీ కలుపుకుని 340కి ఎవడిస్తాడు? ధర చౌక అనుకున్నాం, ఆ ధరే సాక్ష్యం అని అర్థం కాలేదు. మీరు వెళ్ళేముందు ఆ రోజు రాగి ధర కనుక్కుని సగం చేసుకోండి, అంతకంటే తక్కువ చెప్పాడంటే మాట పెంచకుండా వచ్చేయండి.

పై వరసలే ముందు ఎందుకు కుళ్ళాయో కూడా చెప్పాలి, ఎందుకంటే ఇది నిజమైన రాగి వేయించేవాళ్ళకీ పనికొస్తుంది. మా కొప్పు మీది ముక్క నిజం రాగే. రాగి మీద పడిన వాన నీళ్ళల్లో కాస్త రాగి కరిగి వస్తుంది, ఆ నీళ్ళు జింకు పూత ఉన్న రేకు మీద పడితే పూతని తినేస్తాయి, పూత పోయాక ఇనుము తుప్పు పట్టడానికి ఎంతసేపు. కాబట్టి రాగి కప్పు కింద జీఐ గొట్టాలు, జీఐ గట్టర్, అల్యూమినియం రేకు ఏదీ ఉండకూడదు. రాగి రేకుని మామూలు ఇనుప మేకులతో, జీఐ మేకులతో కొట్టనివ్వకండి, తడి తగిలితే మేకే ముందు పోతుంది, పెంకు కదులుతుంది. రాగి మేకులు గానీ స్టెయిన్‌లెస్ స్టీల్ మేకులు గానీ అడిగి, మీరే తెచ్చి ఇవ్వండి, మేస్త్రి తన సంచిలో ఉన్నవే కొట్టేస్తాడు, మా దగ్గర అదే జరిగింది. కప్పు మీద నుంచి వచ్చే నీళ్ళు తాగడానికి పట్టుకోకండి. తెల్ల గోడ మీదకి కారితే పచ్చ మరకలు పడతాయి, ముందే ఆలోచించుకోండి. మరీ చదునైన కప్పు మీద షింగిల్స్ వద్దు, వాలు లేకపోతే నీళ్ళు అతుకుల్లోంచి వెనక్కి ఎక్కుతాయి.

ఇక బిల్లు. గొడవయ్యాక తీసి చూస్తే అందులో రెండు వరసలు. మొదటి వరస "కాపర్ షీట్, 11 కిలోలు", పక్కన హెచ్‌ఎస్‌ఎన్ అంకె, అంటే పన్ను కోసం సరుకు ఏ రకమో చెప్పే అంకె, 7409. రెండో వరస "కాపర్ ఫి. షింగిల్స్, 440 చ.అ.", అంకె 7210. ఆ "ఫి." అంటే ఫినిష్ అట, అడిగితే చెప్పారు. ఆ అంకెల సంగతి మా ఆయన స్నేహితుడు, అకౌంట్స్ చూసే ఆయన, చూడగానే పట్టేశాడు. మొదటి రెండంకెలు 74 అయితే రాగి, 72, 73 అయితే ఇనుము, ఉక్కు, 76 అయితే అల్యూమినియం. అంటే ప్రభుత్వానికి నిజమే చెప్పాడు, మాకే అబద్ధం చెప్పాడు! డబ్బు కట్టేముందు కొటేషన్ కాగితం మీదే ఆ అంకె, కిలోల తూకం, మందం రాయించుకోండి. రాయడానికి నసిగాడంటే మీకు సమాధానం దొరికినట్టే. షోరూంలో శాంపిల్ చూసి మురిసిపోకండి, లారీ ఇంటికొచ్చాక దించకముందే ఏదో ఒక పెట్టె మధ్యలోంచి మీ చేత్తో ఒక ముక్క తీసి, పక్క కిరాణా కొట్లో తూచండి.

కొట్టువాళ్ళు చివరికి దిగివచ్చింది ఎంతకంటే, మళ్ళీ రంగు వేయిస్తాం, లేదా ఈసారి కొన్నప్పుడు తగ్గిస్తాం అని. ఈసారట! ఆంధ్రలో కొన్నాం, ఒడిశాలో ఉంటున్నాం, ఎక్కడ తిరుగుతాం అని చాలామంది ఇక్కడే వదిలేస్తారు, మేమూ వారం రోజులు అదే అనుకున్నాం. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తే తెలిసింది, 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కొన్నవాళ్ళు ఉండే జిల్లాలోనే వినియోగదారుల కమిషన్‌లో వేసుకోవచ్చు, కొట్టు ఏ రాష్ట్రంలో ఉన్నా సరే. సరుకు విలువ 5 లక్షల లోపైతే ఫీజు లేదు, రెండేళ్ళ లోపు వేయాలి. ఈ-జాగృతి అని ప్రభుత్వ పోర్టల్ ఉంది, అందులో ఆన్‌లైన్‌లోనే ఫిర్యాదు పెట్టొచ్చు. నాకు ఒడియా చదవడం వచ్చు గానీ రాయడం అంతంతమాత్రం, ఇంగ్లీషులో పెట్టాను, తీసుకున్నారు. బిల్లు, ఫోటోలు, వాట్సాప్‌లో ఆ కుర్రాడు "ప్యూర్ కాపర్" అని పంపిన మెసేజ్, తూకం వేసిన వీడియో జతచేశాం. ఆ మెసేజ్ ఉండటం మా అదృష్టం, మీరు కూడా నోటి మాటగా వదలకుండా మెసేజ్‌లో అడిగి పెట్టుకోండి.

షింగిల్స్ అన్నీ ఊడదీసి పెరట్లో పేర్చాం, వసారా మీద ప్రస్తుతానికి టార్పాలిన్. కొప్పు మీది రాగి మాత్రం తూచితే సరిగ్గా 11 కిలోలూ వచ్చింది, అప్పుడే గోధుమరంగుకి తిరిగింది. మావయ్యగారు దాన్ని బుడితి పంపి రెండు బిందెలు, ఒక గంగాళం చేయిస్తానంటున్నారు. కేసు తేలేదాకా అది సాక్ష్యం మావయ్యా, ముట్టుకోకండి అని చెప్పి, అత్తయ్య మంచం కిందకి తోసి ఉంచాను.