కారు ఏసీ గ్యాస్ కిట్: డబ్బా కంటే మీటరే ఎక్కువ పనికొచ్చింది

ఎండలు మొదలైతే చాలు, తిరుపతిలో ఏ మెకానిక్ దగ్గరికి పోయినా ఒకటే మాట: "గ్యాస్ అయిపోయింది సార్, ఎక్కించాల." కూలింగ్ తగ్గిందని చెప్పామో లేదో, బానెట్ ఎత్తకముందే ఈ మాట వచ్చేస్తుంది. అసలు సంగతేంటో మనమే చూసుకుందామని ఆన్‌లైన్‌లో ఇంట్లో వాడుకునే గ్యాస్ కిట్ తెప్పించాను. కారు ఏసీలో వాడే ఆర్-134ఏ అనే గ్యాస్ 450 గ్రాముల డబ్బా, దానికి బిగించే ట్యాప్, చిన్న ప్రెషర్ మీటరు, నీలం పైపు, చివర కారు ఏసీ పైపుకి తగిలించే ప్లాస్టిక్ కప్లర్, అన్నీ కలిపి రెండు వేల లోపే పడింది. మా పాత హ్యాచ్‌బ్యాక్‌కి, ఆ తర్వాత మా బావమరిది కారుకి వాడి చూశాక రాస్తున్నాను. కొనొచ్చా అంటే కొనండి, కానీ మీటరు కోసం కొనండి.

కిట్ విప్పే ముందు పైసా ఖర్చు లేకుండా చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. గ్లవ్ బాక్స్ వెనక ఉండే క్యాబిన్ ఫిల్టర్ తీసి చూడండి. మా కారుది తీస్తే ఎండిన వేపాకులు, పూత, ఎర్రమట్టి కలిసి గట్టిగా అట్ట కట్టి ఉంది, అది మార్చగానే బ్లోయర్ గాలి తేడా చేతికి తెలిసింది. తర్వాత రేడియేటర్ ముందుండే కండెన్సర్. రేణిగుంట రోడ్డులో లారీల వెనక రోజూ తిరిగే బండి అయితే దాని రేకుల మధ్య దుమ్ము నిండిపోయి వేడి బయటికి పోదు. ఇంజిన్ చల్లారాక మామూలు పైపుతో నీళ్లు కొడితే చాలు, ప్రెషర్ వాషర్ దగ్గరగా పెడితే ఆ సన్నటి రేకులు వంగిపోతాయి.

ఇంకొకటి, చిత్తూరు హైవే మీద పోతున్నప్పుడు చల్లగా ఉండి, అలిపిరి చెకింగ్ లైన్లో ఆగగానే వేడిగాలి కొడుతోందంటే ముందు అనుమానించాల్సింది ఫ్యాన్‌ని. బండి పరుగెడుతున్నప్పుడు ఎదురుగాలే కండెన్సర్‌ని చల్లబరుస్తుంది, ఆగితే ఆ పని ఫ్యాన్ చేయాలి. ఏసీ ఆన్ చేసి బానెట్ ఎత్తి చూడండి, ఫ్యాన్ కాసేపటికీ తిరగకపోతే ఫ్యూజో, రిలేనో, మోటారో పోయి ఉంటుంది. దీనికి గ్యాస్ ఎక్కిస్తే లోపల ప్రెషర్ ఇంకా పెరుగుతుంది తప్ప ఒరిగేదేం లేదు. చాలా కార్లలో ఏసీ వేయగానే గ్యాస్‌ని నొక్కే కంప్రెసర్‌ని ఇంజిన్‌తో కలిపే క్లచ్ టక్ మని పట్టుకునే శబ్దం కూడా వినబడాలి.

ఇవన్నీ సరిగా ఉండి కూడా కూలింగ్ రాకపోతే అప్పుడు మీటరు తీయాలి. ఏసీ పైపుల్లో లావుగా ఉండి, ఏసీ నడుస్తున్నప్పుడు చల్లగా తగిలేది లో సైడ్, అంటే ప్రెషర్ తక్కువుండే వైపు. కప్లర్ బిగించాల్సింది ఆ పైపు మీదుండే పోర్టుకి, దాని మూత మీద చాలా బండ్లలో ఎల్ అని ఉంటుంది. హై సైడ్ పోర్టు సైజు వేరు కాబట్టి ఈ కప్లర్ దానికి పట్టదు, బలవంతంగా పట్టించే ప్రయత్నం మాత్రం ఎవరూ చేయొద్దు, ఆ ప్రెషర్ వెనక్కి తన్నితే డబ్బా పగిలిపోతుంది.

ముందుగా పొద్దున్నే, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా, డబ్బా ట్యాప్ మూసి ఉంచి మీటరు చూడండి. బయట 30 డిగ్రీలుంటే 95, 100 పీఎస్ఐ (మీటరు మీద ప్రెషర్ కొలత ఇదే) దగ్గర చూపించాలి. అలా చూపించినంత మాత్రాన గ్యాస్ నిండుగా ఉన్నట్టు కాదు, లోపల కొంచెం ద్రవం మిగిలున్నా ఇదే అంకె వస్తుంది. సున్నాకి దగ్గరగా ఉంటే మాత్రం గ్యాస్ అంతా బయటికి పోయినట్టే, అక్కడితో కిట్ పక్కన పెట్టేయాలి.

మా బండికి ఆ అంకె సరిగ్గానే వచ్చింది. ఏసీ ఫుల్‌లో పెట్టి ఇంజిన్ నడిపితే ముల్లు 20 దగ్గర ఊగుతోంది, క్లచ్ కాసేపు పట్టుకోవడం, వదిలేయడం. గ్యాస్ కాస్త తగ్గితే కనబడే లక్షణం ఇదే. పైపులో గాలి లోపలికి పోకుండా ముందు ఒక్క క్షణం గ్యాస్ వదిలి, డబ్బా నిటారుగా పట్టుకుని కొంచెం కొంచెంగా ఎక్కించాను. తలకిందులు చేస్తే ద్రవం నేరుగా కంప్రెసర్‌లోకి పోతుంది, అది గ్యాస్‌ని నొక్కడానికి చేసిన యంత్రం, ద్రవాన్ని నొక్కలేక దెబ్బతింటుంది. ఎక్కుతున్న కొద్దీ డబ్బా చల్లబడి బయట తేమ పట్టేసి గ్యాస్ రావడం మందగిస్తుంది, అప్పుడు గోరువెచ్చని నీళ్లున్న మగ్గులో నిలబెడితే చాలు. స్టవ్ దగ్గరికి మాత్రం తీసుకెళ్లొద్దు. కళ్లకి అద్దాలు, చేతులకి గ్లౌజులు తప్పనిసరి, ఈ ద్రవం మైనస్ 26 డిగ్రీల దగ్గరే మరుగుతుంది, చర్మానికి తగిలితే గడ్డకట్టిస్తుంది.

ఇక్కడే కిట్ మీద నా ప్రధానమైన ఫిర్యాదు. మీటరు మీద 25 నుంచి 45 దాకా ఆకుపచ్చ గీసి, అందులోకి ముల్లు వస్తే చాలన్నట్టు కాగితంలో రాశారు. మన ఊరి మధ్యాహ్నం ఎండలో అన్నీ బాగున్న బండికే ముల్లు 50 దాకా పోవచ్చు, ఆకుపచ్చలోకి తెస్తామని కూర్చుంటే లెక్క తప్పుతుంది. ఏసీలో గ్యాస్‌కి అసలైన కొలత బరువు. బానెట్ కింద స్టిక్కర్ మీద ఏ గ్యాసో, ఎన్ని గ్రాములో రాసి ఉంటుంది, చిన్న కార్లకి మొత్తం కలిపినా అర కేజీ దాటడం అరుదు. అంటే ఈ ఒక్క డబ్బా చిన్న కారుకి దాదాపు ఫుల్ లోడు, ఉన్నదాని మీద అంతా ఎక్కించేస్తే ఓవర్‌ఛార్జ్ అయి కూలింగ్ ఇంకా పడిపోతుంది. అందుకని డబ్బాని వంటింటి తూకం మీద ముందూ వెనకా తూచాను. మాకు వంద గ్రాముల లోపే పట్టింది, ముల్లు 40 దగ్గర నిలబడింది, క్లచ్ ఆగకుండా నడిచింది, వెంట్‌లో పెట్టిన థర్మామీటరు 8 డిగ్రీలకి దిగింది. తూకం సంగతి కాగితంలో ఒక్క ముక్క లేకపోవడం పెద్ద లోటు. ప్లాస్టిక్ కప్లర్ కూడా వదులుగా ఉంది, ఇత్తడిది ఇచ్చుంటే బాగుండేది.

బావమరిది కారుకి మీటరు సున్నా చూపించింది. సీల్‌గా ఉండాల్సిన సిస్టమ్‌లో గ్యాస్ అంతా పోయిందంటే ఎక్కడో లీకు ఉంది, ఆ దారిలోనే గాలీ తేమా లోపలికి చేరి ఉంటాయి. కండెన్సర్ కింది మూలలో నూనె తడి, దాని మీద దుమ్ము అంటుకుని నల్లగా మరక కనబడింది. గ్యాస్‌తో పాటు కంప్రెసర్ నూనె కూడా బయటికి వస్తుంది కాబట్టి లీకు ఉన్నచోట ఇలాంటి మరక పడుతుంది. దానికి కిట్ పనికిరాదు. కండెన్సర్ మార్చి, లోపలి తేమ పీల్చే డ్రయర్ మార్చి, వాక్యూమ్ మిషన్‌తో కనీసం అరగంట లాగి, తూకం ప్రకారం గ్యాస్ పట్టాలి. ఏసీ రిపేరు దుకాణం వాళ్లకి మరక చూపించి "ఇదన్నా లీకు" అంటే మారుమాట లేకుండా ఆ పనే చేశారు. ముందు గ్యాస్ ఎక్కించి, అది పోయాక మళ్లీ పోయి ఇంకోసారి డబ్బులు కట్టే తిప్పలు బావమరిదికి తప్పాయి. కిట్‌కి పెట్టిన డబ్బు నా లెక్కలో ఆ ఒక్క రోజే వచ్చేసింది.

లీకు దానంతటదే పూడ్చేస్తుందని సీలెంట్ కలిపిన డబ్బాలు కూడా అమ్ముతున్నారు, అవి వద్దు. ఆ జిగురు లోపల సన్నటి దారులకీ, రేపు మెకానిక్ పెట్టే మిషన్‌కీ అడ్డం పడుతుంది. స్టిక్కర్ మీద 1234వైఎఫ్ అని ఉన్న బండికీ, హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లకీ ఈ కిట్ వాడొద్దు, వాటి గ్యాసో నూనో వేరు. లీకు ఉందని తెలిసి కూడా ప్రతి ఎండాకాలం డబ్బా కొని ఎక్కించడం మాత్రం దయచేసి ఎవరూ చేయకండి. 134ఏ ఓజోన్‌ని ఏం చేయదు గానీ, గాల్లో కలిస్తే భూమిని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 1430 రెట్లు. మన ఎండలు ఇప్పటికే చాలు.

ఐదుకి మూడున్నర ఇస్తాను, మీటరు వరకే అయితే నాలుగున్నర. మిగిలిన గ్యాస్ దాచుకునేవాళ్లు ట్యాప్ గట్టిగా మూసి ఇంట్లో నీడపట్టున పెట్టండి, ఎండలో నిలిపే కారు డిక్కీలో వదిలేయొద్దు.