అరవై యూరోలకు సగం చరిత్ర: బుడాపెస్ట్ అనుభవం

2023 సెప్టెంబరులో మా ఆవిడ, మామయ్యగారు, నేను మూడు రోజులు హంగరీ రాజధాని బుడాపెస్ట్‌లో గడిపాం. మూడు రాత్రులకు 210 యూరోలు తీసుకున్న గది శుభ్రంగా ఉంది. డాన్యూబ్ మీద పడవ షికారు, కొండమీది కోట, వేడినీటి స్నానాలు అన్నీ అనుకున్నట్టే జరిగాయి. ఆ గైడు తగలకపోతే నేను ఇది రాసేవాణ్ణే కాదు.

పార్లమెంటు పరిసరాల చరిత్ర చెబుతామన్న రెండు గంటల నడకకు ముగ్గురికీ కలిపి 60 యూరోలు ముందే కట్టాను. హైస్కూల్లో ముప్పై ఏళ్లు సాంఘిక శాస్త్రం చెప్పి రిటైరైన మామయ్యగారి సరదా కోసమే ఆ ఖర్చు. గైడు మమ్మల్ని మొదట పార్లమెంటుకు ఎదురుగా ఉన్న స్మారకానికి తీసుకెళ్లాడు. నూరు మీటర్ల పొడవున నేలలోకి దిగిపోయే ఏటవాలు దారి, రెండు వైపులా గోడల మీద 1913 నాటి హంగరీ రాజ్యంలోని పన్నెండు వేల పైచిలుకు ఊళ్ల పేర్లు, చివర ఆరని జ్యోతి. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత 1920 జూన్ 4న జరిగిన ట్రియానన్ ఒప్పందంతో ఆ రాజ్యం మూడింట రెండు వంతుల భూభాగాన్ని పోగొట్టుకుంది. నూరేళ్లు నిండిన సందర్భంగా అప్పటి ప్రధాని ఓర్బాన్ ప్రభుత్వం 2020లో దీన్ని కట్టించింది. ఇప్పుడు రుమేనియాలో, స్లొవాకియాలో ఉన్న ఊళ్లకు కూడా అక్కడ హంగేరియన్ పేర్లే ఉన్నాయి. “ఆ ఊళ్లలో ఉన్నవాళ్లంతా హంగేరియన్లేనా?” అని మామయ్యగారు అడిగితే గైడు చిరునవ్వు నవ్వి ముందుకు నడిచాడు. నిజానికి ఆ పాత రాజ్యపు జనాభాలో హంగేరియన్లు సుమారు సగమే.

ఈ గోడ పొరుగు దేశాలకు ఎందుకు గుచ్చుకుంటుందో కూడా అతను చెప్పలేదు. సరిహద్దుల అవతలి హంగేరియన్లకు సులువుగా పౌరసత్వమిచ్చే చట్టాన్ని 2010లో ఓర్బాన్ ప్రభుత్వం తేగానే, వేరే దేశపు పౌరసత్వం పుచ్చుకున్నవారికి తమ పౌరసత్వం పోతుందని స్లొవాకియా ఎదురు చట్టం చేసింది. 2022 నవంబరులో ఓర్బాన్ పాత హంగరీ పటమున్న మఫ్లర్ వేసుకుని ఫుట్‌బాల్ మ్యాచికి వెళితే ఉక్రెయిన్, రుమేనియా నిరసన తెలిపాయి. స్వదేశంలో ఓట్లు తెచ్చే జ్ఞాపకం సరిహద్దు దాటగానే దౌత్య తగాదా అవుతుందన్నమాట. 60 యూరోలు తీసుకున్న మనిషి ఈ సంగతి చెప్పాలా వద్దా?

అసలు కోపం స్వేచ్ఛా చౌకులో వచ్చింది. అక్కడ 2014లో పెట్టిన స్మారకంలో హంగరీకి గుర్తుగా గాబ్రియేల్ దేవదూత, అతని మీదికి వాలుతున్న జర్మనీ గద్ద ఉన్నాయి. “1944 మార్చిలో జర్మన్లు ఆక్రమించారు, మేం బాధితులం” అని గైడు ముగించాడు. అప్పటికి హంగరీ జర్మనీకి మిత్రదేశమే. ఆక్రమణ తర్వాత మే నుంచి జూలై దాకా సుమారు ఎనిమిది వారాల్లోనే నాలుగు లక్షల మందికి పైగా యూదులను మరణ శిబిరాలకు రైళ్లెక్కించిన పనిలో హంగరీ పోలీసుల చేయి కూడా ఉంది.

స్మారకం ఎదుట పేవ్‌మెంటు అంచున పాత జోళ్లు, పెట్టెలు, గులకరాళ్లు, ప్లాస్టిక్ కవర్లలో పెట్టిన కుటుంబ ఫోటోలు వరసగా ఉన్నాయి. ఈ కథనం అబద్ధమన్న జనం పెట్టినవి అవి. మామయ్యగారు అక్కడ ఆగితే గైడు “అవి నిరసనకారులవి, సమయం లేదు” అన్నాడు. “చూడు బాబూ, మీరు వెళ్లండి” అని ఆయన బెంచీ మీద కూర్చున్నారు. వాన తడికి రంగు పోయిన ఒక ఫోటోలో పుట్టినరోజు గౌను వేసుకున్న పాప ఉంది. కింద ఇంగ్లీషులో ఉన్న నాలుగు వాక్యాలు ఆయన కోరగా నేను రెండుసార్లు చదివి వినిపించాను. గైడు మిగిలిన నడక పూర్తి చేసేందుకు మా ఆవిడతో వెళ్లాడు.

మీరు వెళితే గైడును పెట్టుకోకండి. అప్పట్లో ఒక రోజు ట్రామ్ పాసు 2,500 ఫోరింట్లు (హంగరీ డబ్బు), ఆ పూట భోజనం మనిషికి 3,800 ఫోరింట్లు అయింది. మిగిలిన డబ్బుతో మంచి చరిత్ర పుస్తకం కొనుక్కోవచ్చు. ఆ రాత్రి ఐదు నక్షత్రాలివ్వమని గైడు సందేశం పంపాడు. మామయ్యగారు చెప్పినట్టు రెండిచ్చాను, సమయానికి వచ్చినందుకు ఒకటి, మా ఆవిడను వెనక్కి భద్రంగా చేర్చినందుకు ఇంకొకటి.