20 వాట్ల మార్షల్: నాబుల కన్నా మైకుదే పెత్తనం

ముందు హెచ్చరిక, తర్వాత పొగడ్త. పక్కగదిలో ఎవరో నిద్రపోతుంటే మెల్లగా వాయించుకోవడానికి మార్షల్ స్టూడియో వింటేజ్ ఎస్‌వి20హెచ్ అనే 20 వాట్ల గిటార్ ఆంప్ (ఆంప్లిఫయర్) తీసుకుందామనుకునేవాళ్లు ఇంకో ఆంప్ చూసుకోండి. 100 వాట్ల పాత మార్షల్‌లో అయిదో వంతే కదా అనిపిస్తుంది. వాట్లలో అయిదో వంతే. డెసిబెల్స్‌లో మాత్రం తేడా 7. శబ్దం సగానికి తగ్గిందని చెవి ఒప్పుకోవాలంటే సుమారు 10 తగ్గాలి. స్విచ్చి 5 వాట్లవైపు నొక్కితే ఇంకో 6 తగ్గుతాయి, అంతే. డ్రమ్స్ పక్కన నిలబడి గొంతెత్తగల పెట్టె ఇది. మా డ్రమ్మరు దీన్ని చూడగానే బొమ్మ మార్షల్ అన్నాడు. మొదటి పాట సగంలో ఉండగానే కాస్త తగ్గించమని సైగ చేశాడు.

ఇక విషయానికి వస్తాను. నాకు కావలసింది 1960ల చివరి నుంచి 1980 దాకా వచ్చిన రాక్ రికార్డుల్లో వినిపించే గిటార్ శబ్దం. దానికోసం నా దగ్గరున్న సరంజామా ఈ హెడ్ (స్పీకర్లు లేని ఆంప్ పెట్టె), సెలెస్టియన్ గ్రీన్‌బ్యాక్ స్పీకర్లు రెండు బిగించిన క్యాబ్ (స్పీకర్ల పెట్టె), ఒక ష్యూర్ ఎస్‌ఎమ్57 మైక్, ఒక రాయర్ ఆర్-121 రిబ్బన్ మైక్ (పలుచటి లోహపు రిబ్బన్‌తో శబ్దాన్ని పట్టేది). రాస్తున్నది ఆంప్ గురించే అయినా మిగతా మూడింటినీ పక్కన పెట్టి దీనికి మార్కులు వేయలేను. రికార్డు అయ్యాక వినిపించేది ఆంప్ ఒక్కటే కాదు.

ఎస్‌వి20హెచ్ 2019లో వచ్చింది. ఇది 1959 సూపర్ లీడ్‌కి చిన్న తమ్ముడు. 1959 అనేది మోడల్ నంబరు, సంవత్సరం కాదు. ఆ ఆంప్ వచ్చింది 1960ల మధ్యలో. అలాగే 1960 అంటే నాలుగు స్పీకర్ల క్యాబ్, 1962 అంటే కాంబో (ఆంప్, స్పీకర్లు ఒకే పెట్టెలో ఉన్నది). మార్షల్ వాళ్ల నంబర్లు చూసి తేదీలు రాసుకుంటే చరిత్ర తలకిందులైపోతుంది. అసలు కథ 1962లో లండన్‌లోని హాన్‌వెల్‌లో, జిమ్ మార్షల్ దుకాణంలో మొదలైంది. ఫెండర్ బాస్‌మన్ అనే అమెరికన్ ఆంప్ సర్క్యూట్‌ని దగ్గర పెట్టుకుని తయారుచేసిన జేటీఎమ్45 వీటన్నిటికీ పెద్దన్న.

ముందుభాగం పాతకాలం పద్ధతిలోనే ఉంది. నాలుగు ఇన్‌పుట్లు, రెండు లౌడ్‌నెస్ నాబులు (హై ట్రెబుల్, నార్మల్ అనే రెండు చానెళ్లకి ఒక్కొక్కటి), ట్రెబుల్, మిడిల్, బేస్, ప్రెజెన్స్. గెయిన్ (గరగర ఎంత ఉండాలో చెప్పేది) అని రాసిన నాబు లేదు, మాస్టర్ వాల్యూమ్ (మొత్తం శబ్దాన్ని తగ్గించేది) లేదు. లోపల పెద్ద ఆంప్‌లో ఉన్నట్టే మూడు ఈసీసీ83 వాల్వులు (గాజు గొట్టాలు). పవర్ వాల్వులు మాత్రం నాలుగు ఈఎల్34లకి బదులు రెండే. పాత ఆంప్‌లో లేని ఎఫెక్ట్స్ లూప్ (బయటి ఎఫెక్ట్ పెడళ్లు తగిలించే దారి) ఒకటి ఇచ్చారు. నేను వాడను, కనుక దాని గురించి చెప్పేదేమీ లేదు.

గిటార్‌ని హై ట్రెబుల్ ఇన్‌పుట్‌లో పెట్టి వాల్యూమ్ 2 దగ్గర ఉంచితే వచ్చే శబ్దం గాజుపెంకులా చెవిలో గుచ్చుకుంటుంది. చాలామంది అక్కడే నిరాశపడి ఆంప్‌ని తిట్టుకుంటారు. ఆ చానెల్ వాల్యూమ్ నాబు మీద ఒక బ్రైట్ కెపాసిటర్ ఉంటుంది. నాబు తక్కువలో ఉన్నప్పుడు తక్కిన శబ్దం ఆగిపోయినా పై స్థాయి శబ్దాన్ని ఇది పక్కదారిన ముందుకు పంపేస్తుంది. నాబు పైకి తిప్పేకొద్దీ దాని ప్రభావం తగ్గిపోతుంది, పూర్తిగా తిప్పితే ఉన్నా లేనట్టే. అంటే ఈ ఆంప్‌ని గట్టిగా వాయించడానికే కట్టారు. మెల్లగా వాయించి తీర్పు చెప్పడం దీనికి అన్యాయం.

పాత చిట్కా ఇక్కడా పనిచేస్తుంది. ఒక చిన్న కేబుల్‌తో రెండు చానెళ్లనూ కలిపేయాలి. హై ట్రెబుల్ 6, నార్మల్ 4, మిడిల్ 7, ట్రెబుల్ 5, ప్రెజెన్స్ 3, బేస్ 2 దగ్గర పెడతాను. బేస్ అంత తక్కువా అని అడుగుతారు. నార్మల్ చానెల్ తెచ్చే బరువు చాలు. బేస్ నాబు పెంచితే కింది తీగలు వదులైపోయి డ్రమ్స్ మీద బురదలా పరుచుకుంటాయి. బ్యాండ్‌లో ఆ కింది చోటు బేస్ గిటార్‌ది. ఒంటరిగా విన్నప్పుడు కాస్త పలచగా అనిపించే గిటారే మిక్స్‌లో నిలబడుతుంది.

గెయిన్ సంగతి కూడా ఇలాంటిదే. పాత రికార్డుల్ని హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఒక్కసారి శ్రద్ధగా వినండి. ఏసీ/డీసీ బ్యాండ్‌లో మాల్కమ్ యంగ్ వాయించే తాళం (రిథమ్) గిటార్‌లో డిస్టార్షన్ (గరగర) మనం ఊహించుకున్న దానికన్నా చాలా తక్కువ. కార్డ్‌లోని ఒక్కో తీగా విడివిడిగా వినబడుతుంది. మనకి భారీగా తోచేది అతని కుడిచెయ్యి. ఈ ఆంప్ ఆ విషయంలో కఠినం: తప్పు వాయిస్తే తప్పే వినిపిస్తుంది, దాచిపెట్టడానికి గరగర లేదు. లెస్ పాల్ తరహా గిటార్ వాల్యూమ్ 6కి తగ్గిస్తే శబ్దం శుభ్రపడుతుంది, 10కి పెంచితే పాడుతుంది. రెండింటికీ మధ్య వేలికొసతో తిరగడమే ఈ ఆంప్ కొన్నందుకు దక్కే సుఖం. నా ఎఫెక్ట్ పెడళ్ల బోర్డు సగం ఖాళీ అయింది.

ఇప్పుడు అసలు పెత్తనం ఎవరిదో చెప్తాను. గ్రీన్‌బ్యాక్ 25 వాట్ల స్పీకరు. పాత పద్ధతిలో 100 వాట్ల హెడ్‌ని ఇలాంటివి నాలుగున్న క్యాబ్‌కి తగిలించేవాళ్లు, అంటే స్పీకర్లకి ఊపిరాడని స్థితి. ఆ అవస్థలో స్పీకర్ కోన్ తనే కొంచెం గరగర కలుపుతుంది, దెబ్బ మొనల్ని మెత్తబరుస్తుంది. నా రెండు స్పీకర్లూ కలిపి 50 వాట్లు మోయగలవు, హెడ్ ఇచ్చేది 20. కనుక అంత నలుగుడు పడదు, కొంచెం శుభ్రంగా ఉంటుంది. అదే హెడ్‌ని ఒక పేరులేని చవక క్యాబ్‌కి తగిలించి విన్నాను. అన్ని నాబులూ ఎటు తిప్పినా ముక్కుతో మాట్లాడినట్టే ఉంది. కొత్త ఆంప్ కొనే ముందు మంచి క్యాబ్ కొనమంటాను, ఎవరడిగినా.

తర్వాత మైక్. ఎస్‌ఎమ్57 1965 నుంచీ ఉంది, గిటార్ క్యాబ్ ముందు దాన్ని చూడని స్టూడియో అరుదు. స్పీకర్ నడుమన ఉన్న గుండ్రటి మూత మధ్యకి గురిపెడితే కీచుగా, పళ్లు జివ్వుమనేలా ఉంటుంది. అక్కడి నుంచి అంచువైపు ఒక అంగుళం జరిపితే అదే ఆంప్, అదే నాబులు, కానీ వేరే గిటార్ వాయిస్తున్నట్టు ఉంటుంది. ఇంకో అంగుళం జరిపితే దుప్పటి కప్పినట్టు మూసుకుపోతుంది. ట్రెబుల్ నాబు అటునుంచి ఇటు మొత్తం తిప్పినా ఇంత మార్పు రాదు. మూత అంచు, కోన్ మొదలయ్యే గీత ఉంటాయి చూడండి, నేను అక్కడి నుంచే వెతకడం మొదలుపెడతాను. మైక్‌ని క్యాబ్ ముందున్న బట్టకి మరీ ఆనించి పెడితే కింది స్థాయి ఉబ్బుతుంది, దగ్గరగా ఉన్న ఏ దిశాత్మక మైక్‌కైనా అది స్వభావమే. రెండు మూడు వేళ్ల దూరం తీస్తే ఆ ఉబ్బు సర్దుకుంటుంది. ఈ పని చేసేటప్పుడు క్యాబ్ ముందు చెవి పెట్టకండి, హెడ్‌ఫోన్లలో వినండి. చెవులు మళ్లీ దొరకవు.

ఆర్-121 1998లో వచ్చిన మైక్. అంటే నేను వెంటాడుతున్న రికార్డులేవీ దానితో చేసినవి కావు. అయినా ఎస్‌ఎమ్57 వదిలేసిన నిండుతనం ఇది పట్టుకుంటుంది, పైభాగంలో కరుకు కలపదు. ముందు నుంచీ వెనక నుంచీ కూడా వింటుంది కాబట్టి వెనక ఉన్న గోడ శబ్దం కూడా రికార్డులోకి వస్తుంది. దగ్గర్లో పెట్టినప్పుడు వెనకవైపు తిప్పి వాడితే కొంచెం ప్రకాశంగా ఉంటుంది, ఫేజ్ (శబ్ద తరంగం ఎత్తుపల్లాల వరస) మాత్రం తిరగబడుతుంది. వైరింగ్ పాడైన కేబుల్‌లో ఫాంటమ్ పవర్ (మైకులకి కేబుల్ గుండా పంపే కరెంటు) వెళ్తే రిబ్బన్‌కి ప్రమాదం, ముందే ఆపేసి తగిలించండి.

రెండు మైకుల్నీ కలిపితే వచ్చే తలనొప్పి ఫేజ్. ఒక మైక్ రెండోదానికన్నా 17 సెంటీమీటర్లు వెనక ఉంటే శబ్దం అర మిల్లీసెకను ఆలస్యంగా చేరుతుంది. అప్పుడు 1000 హెర్ట్జ్ దగ్గర రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. సరిగ్గా గిటార్ ప్రాణం ఉండే చోటు అది. నేను చేసేదేమంటే, ఒక మైక్ ఫేజ్ తిప్పేసి, ఎక్కడ శబ్దం అతి సన్నగా, జాలిగొలిపేలా అవుతుందో అక్కడిదాకా రెండో మైక్‌ని మిల్లీమీటర్లలో జరపడం. ఆ తర్వాత ఫేజ్ మళ్లీ మామూలుగా పెడితే ఒక్కసారిగా నిండుతనం వస్తుంది.

ఇంత చేసినా గిటార్ 'పెద్దగా', అంటే విశాలంగా, వినిపించడం లేదంటే కారణం మైక్ దూరం. లెడ్ జెపెలిన్ తొలి ఆల్బం 1968లో ఒలింపిక్ స్టూడియోస్‌లో రికార్డయింది. అందులో ఆ బ్యాండ్ గిటారిస్టు జిమ్మీ పేజ్ వాడింది ప్రధానంగా టెలికాస్టర్ గిటార్, ఒక చిన్న సుప్రో ఆంప్. మార్షల్ గోడ కాదు. ఆ వైశాల్యంలో పెద్ద వాటా మైకుని దూరంగా పెట్టి గది గాలిని కూడా పట్టుకోవడానిదే. నా గది చిన్నది, పైకప్పు తక్కువ. మైక్ మీటరు వెనక్కి తీసినా డబ్బాలోంచి విన్నట్టు ఉంటుంది. అక్కడ ఈ ఆంప్ చేయగలిగింది లేదు.

ఈ సరంజామాకి దొరకని శబ్దాలు ఇంకొన్ని ఉన్నాయి. 1978 నాటి వాన్ హేలెన్ బ్యాండ్ తొలి ఆల్బం శబ్దం కావాలంటే 100 వాట్ల ఆంప్‌ని వేరియాక్‌తో వోల్టేజి తగ్గించి నడపడం, పైన సన్‌సెట్ సౌండ్ స్టూడియో ఎకో చాంబర్ (ప్రతిధ్వని గది) కూడా ఉండాలి. వోల్టేజి ఆటలు ఇంట్లో ఆడకండి, వాల్వు ఆంపుల లోపల ప్రాణం తీసే వోల్టేజి ఉంటుంది. ఏసీ/డీసీ 1980లో బహామాస్‌లోని నసావులో చేసిన రికార్డింగుల్లో ఆంగస్ యంగ్ గిటార్ సిగ్నల్ ఆంప్‌కి చేరేముందు షాఫర్-వేగా వైర్‌లెస్ పెట్టె గుండా వెళ్లింది. ఆ పెట్టె సిగ్నల్‌ని నొక్కి, మళ్లీ విప్పి, కొంచెం రంగు కలిపేది. ఆ రంగు ఏ మైక్ స్థానంలోనూ దొరకదు.

గిటారిస్టు ఎరిక్ క్లాప్టన్ 1966లో జాన్ మేయాల్ బ్యాండ్‌తో చేసిన ఆల్బంలోని శబ్దానికి మాత్రం ఈ చిన్న ఆంప్ ఆశ్చర్యపడేంత దగ్గరకి వెళ్తుంది. అప్పుడు అతను స్టూడియోలో కూడా వేదిక మీదంత గట్టిగానే వాయిస్తానని పట్టుబట్టాడు. ఆ పట్టుదలకి ఇక్కడ 20 వాట్ల వైపు స్విచ్చి సరిపోతుంది. అంత శబ్దం వద్దనుకుంటే అట్టెన్యుయేటర్ (ఆంప్‌కీ స్పీకర్‌కీ మధ్య పెట్టి శబ్దం తగ్గించే పెట్టె) ఒకటి పెట్టుకోవచ్చు, స్పీకర్ ఇంపీడెన్స్‌ని (విద్యుత్ నిరోధాన్ని) అనుకరించే రియాక్టివ్ రకమైతే పైభాగం అంత చావదు. ఎంత తగ్గించినా కోన్ కష్టపడే అందం మాత్రం పోతుంది.

తాళం గిటార్ రికార్డు చేసేవాళ్లకి ఒక సెట్టింగు ఇచ్చి ఆపుతాను. ఎడమవైపు ఒక టేకు, కుడివైపు రెండో టేకు, కాపీ చేయకుండా మళ్లీ వాయించి తీసింది. రెండూ ఒకేలా వినిపించకుండా, రెండోదానికి హై ట్రెబుల్ 6 నుంచి 5కి దించండి, ఎస్‌ఎమ్57ని అర అంగుళం అంచుకి జరపండి, వీలైతే సింగిల్ కాయిల్ గిటార్ (టెలికాస్టర్ లాంటిది) పట్టుకోండి.