సాస్‌పాన్ కొనేముందు పెట్టె మీది రాతలు పక్కనపెట్టి గిన్నె తిరగేసి చూడండి

కొన్న కొద్ది నెలలకే లోపలి పూత బుడగలెక్కి, గోరు తగిలితే పొలుసుల్లా లేచి వచ్చే నాన్‌స్టిక్ సాస్‌పాన్లు బజారులో బోలెడున్నాయి. వారంటీ అడిగితే "మీరు సెగ ఎక్కువ పెట్టారు" అన్న ఒక్క మాటతో తిప్పి పంపేస్తారు. చిక్కేమిటంటే ఆ మాట చాలాసార్లు సగం నిజమే. మిగతా సగం తప్పు గిన్నె తయారీలో ఉంటుంది, దాన్ని కొనేటప్పుడే పట్టుకోవచ్చు.

ముందు పెట్టె మీది రాతల సంగతి. "పీఎఫ్‌ఓఏ లేదు" అని పెద్దక్షరాలతో వేస్తారు. పీఎఫ్‌ఓఏ ఒకప్పుడు ఈ పూతల తయారీలో వాడిన రసాయనం, 2019లో హానికర రసాయనాల్ని అరికట్టే అంతర్జాతీయ స్టాక్‌హోం ఒప్పందం జాబితాకెక్కింది. అది లేనంత మాత్రాన గిన్నెలో ఉన్నది పీటీఎఫ్‌ఈ (టెఫ్లాన్ పేరుతో తెలిసిన అంటుకోని పదార్థం) పూత కాదని కాదు. "గ్రానైట్", "స్టోన్" అన్నవి కూడా చాలావరకు అదే పూత, పైన చుక్కల డిజైను. రాతితో చేసిన గిన్నె అనుకుని కొనకండి. సిరామిక్ పూత మాత్రం వేరు, సిలికాతో చేసేది. వేడికి బాగానే ఓర్చుకుంటుంది గానీ అంటుకోని గుణం త్వరగా పోతుంది. దానికి "జీవితాంతం" అని హామీ ఇస్తే నవ్వుకుని పక్క అరకి వెళ్ళండి.

ఇక గిన్నె తిరగేయండి. అడుగు మీద స్కేలు అంచుని అడ్డంగా ఆనిస్తే మధ్యలో వెంట్రుకవాసి సందు కనిపించడం మంచిదే, వేడెక్కినప్పుడు అడుగు సాగి సమంగా కూర్చుంటుంది. మధ్య భాగం ఉబ్బి ఉంటే మాత్రం స్టవ్ మీద బొంగరంలా తిరుగుతుంది, వద్దు. అల్యూమినియం అడుగు 3 మి.మీ. అయినా ఉండాలి. పలచని అడుగులో మంట తగిలిన చోటే వేడి పోగై పూత అక్కడ ముందు చస్తుంది. అంచు మందం చూసి మోసపోకండి, అడుగు మందం వేరు. ఒకే సైజు గిన్నెలు రెండు చేతుల్లో పట్టుకుంటే తేడా తెలిసిపోతుంది. ఇండక్షన్ కోసమైతే అయస్కాంతం అడుగు మధ్యలోనే కాదు, అంచుల దగ్గరా అంటుకోవాలి. అడుగున అతికించిన ఉక్కు బిళ్ళ చిన్నదైతే చుట్టూ చల్లగా, మధ్యలో మాడుగా ఉడుకుతుంది. పిడిని బిగించే రివెట్లు (మేకులు) లోపలికి పొడుచుకొచ్చి ఉంటే వాటి చుట్టూ జిడ్డు పేరుకుంటుంది, తోమడంలో పూత మొదట అక్కడే అరుగుతుంది.

సెగ సంగతి సాస్‌పాన్‌లో కాస్త తిరకాసు. నీళ్ళున్నంత సేపూ అడుగు 100 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లోనే ఉంటుంది, పూతకి ఢోకా లేదు. నీరు ఇగిరిపోయినా, ఖాళీ గిన్నెని పెద్ద మంట మీద మరిచినా కొద్ది నిమిషాల్లోనే 260 దాటుతుంది. అక్కడినుంచి పీటీఎఫ్‌ఈ పాడవడం మొదలు, 327 దగ్గర కరుగుతుంది. 350 పైన వచ్చే పొగ మనుషులకి జ్వరం తెప్పించగలదు, పంజరంలోని పక్షుల్ని చంపేయగలదు. వంటగదిలో చిలకల్ని ఉంచకండి.

చిక్కటి సాస్, పాలు, జావ కలపకుండా వదిలేస్తే అడుగున పొర కట్టి, దాని కింద వేడి చిక్కుకుంటుంది. పైన మెల్లగా కుతకుతమంటున్నా కింద మాడిపోతుంది. గ్యాస్ మంట అడుగు దాటి గోడల్ని నాకినా అంతే. ద్రవం అందని పైభాగంలో చుట్టూ గోధుమరంగు వలయం పడితే కారణం అదే. మంట ఎప్పుడూ అడుగు లోపలే ఉండాలి.

ఇనుప విస్కు వాడకండి, సిలికాన్‌ది చాలు. నూనె స్ప్రేలో కలిపే లెసిథిన్ అనే పదార్థం మాడి జిగురుగా అతుక్కుంటుంది, మామూలు నూనె అర చెంచా రాయడం నయం. ఉప్పు, పులుపు ఉన్న వంటకం రాత్రంతా అందులో ఉంచితే సన్న రంధ్రాల్లోంచి కింది అల్యూమినియాన్ని తిని బుడగలు లేపుతుంది. వేడి గిన్నెని చన్నీళ్ళ కింద పెడితే అడుగు వంకరపోతుంది. డిష్‌వాషర్‌లో వేస్తే పూత లేని అంచు బూడిదరంగు పొడి రాలుస్తుంది. మాడు పడితే మూడు వంతుల బేకింగ్ సోడాలో ఒక వంతు నీళ్ళు కలిపి ముద్దగా చేసి పట్టించండి, పావుగంటయ్యాక మెత్తటి స్పాంజితో రుద్దండి. గిన్నెలు ఒకదానిలో ఒకటి పెట్టేటప్పుడు మధ్యలో గుడ్డ వేయాలి.

ఊడిన చిన్న పొలుసు పొరపాటున కడుపులోకి పోయినా కంగారు పడక్కర్లేదు, అరగకుండానే బయటికి వెళ్ళిపోతుంది. గిన్నెని మాత్రం వంటకి వాడొద్దు.

వారంటీ కోసం వెళ్ళేముందు మచ్చ ఎక్కడుందో ఫొటోలు తీసుకోండి. అడుగంతా రంగు మారి ఉంటే తప్పు సెగదే, వాదించి లాభం లేదు. రంగు మారకుండానే రివెట్ల చుట్టూనో, గరిటె తగలని గోడ మీదో బుడగలు లేచినా, అడుగు ఉక్కు బిళ్ళ విడిపోయినా అది చాలావరకు తయారీ లోపమే. ఆ మాటే ఫిర్యాదులో మొదటి వాక్యంగా రాయండి.